తడిగడ్డిలో రొయ్య

నికానోర్ మోకాలి లోతు నీళ్ళలో వంగి ఆరో రెల్లుబుట్టను పైకి లాగాడు. మొదటి అయిదూ ఖాళీ. మూడేళ్ళుగా రోజూ ఖాళీయే. అయినా సాయంత్రం దించడం, పొద్దున్నే తీయడం మానలేదు. ఇంకో పని చేతకాదు. నలభై ఏళ్ళుగా ఏటి రాళ్ళ కింద తడిమి తడిమి గోళ్ళు అరిగాయి, వేళ్ళు వంకర్లు పోయాయి.

ఆరో బుట్టలో ఏదో టపటపా కొట్టుకుంది. రొయ్య! తిరగేసి చూశాడు. పొట్ట కింద గసగసాల్లా నారింజరంగు గుడ్లు. ముసలాడికి అక్కడే నీళ్ళలో ఏడుపొచ్చింది.

ఈ ఏట్లో రొయ్యజాతి ఇక లేనట్టేనని రాజధాని లీమా నుంచి వచ్చిన చదువుకున్నావిడ నిరుడే రాసుకుని వెళ్ళింది. గుడ్లున్న తల్లిరొయ్య, ఏరు సముద్రంలో కలిసే చోటికి దిగాలి. పిల్లలకు మొదట ఉప్పునీళ్ళు తగలాలి. కానీ ఏటికి ఆనకట్ట కట్టాక దాని కింద మూడు కోసుల దూరం నీళ్ళు లేవు, ఉత్త రాళ్ళే. ఉల్లితోటలకు నీళ్ళన్నీ మళ్ళించిన పెద్దమనుషులకు, రొయ్యలు రాళ్ళమీద నడవలేవన్న సంగతి తట్టలేదు. సరే, దాని బదులు తనే నడుస్తాడు.

బుట్టలో తడిగడ్డి పరిచి, మధ్యలో దాన్ని పడుకోబెట్టి, పైన ఇంకాస్త గడ్డి కప్పి బయల్దేరాడు. సగం దారిలో అక్క ఎర్మెలిందా పూటకూళ్ళ ఇల్లు వచ్చేసరికి ఎండ మాడ్చేస్తోంది, మోకాళ్ళు లాగేస్తున్నాయి. బుట్టను వంటింటి గడప పక్కన నీడలో పెట్టాడు. రొయ్యలు పడిన రోజుల్లో, అక్క వండడానికని బుట్ట పెట్టింది ఎప్పుడూ అక్కడే. అక్క ఇచ్చిన మొక్కజొన్న కల్లు తాగి, గడ్డి తడిపి బయల్దేరదామనుకుంటూనే అరుగుమీద నడుం వాల్చాడు. కన్నంటుకుంది.

"ఒరే నికానోర్! లేవరా. ఇంత ఎండలో నిన్నెవడు నడవమన్నాడు? ముందు తిను."

కళ్ళు తెరిచాడు. గిన్నెలో పాలు పోసి కాచిన చారు, బంగాళాదుంపలు, మొక్కజొన్న ముక్క. వాటిమీద ఎర్రగా ఉడికిన ఒకే ఒక్క రొయ్య.

"ఒక్కటే పడిందా? పోనీలేరా. ఈ వాసన చూసి మూడేళ్ళయింది. అవతల కూర్చున్నవాళ్ళు అడిగితే పొమ్మన్నాను. నువ్వు పట్టింది నువ్వే తినాలి. గుడ్లన్నీ చారులోనే చిదిమా, రంగు చూడు!"

నికానోర్ గడప వైపు చూశాడు. బుట్టను గడప దగ్గర పెట్టింది తన చెయ్యే. ఆ చేతిని నరికేసుకోవాలనిపించింది. డెబ్భై ఏళ్ళ అక్క గరిట పట్టుకుని, పెళ్ళికూతురిలా నవ్వుతూ నిలబడింది. నికానోర్ గిన్నెను ఆమె వైపు జరిపాడు.

"సగం నువ్వు తిను."

"నాకెందుకురా, పళ్ళూడిన దాన్ని!"

"తిను అక్కా. మళ్ళీ దొరకదు."

"నీవన్నీ అపశకునం మాటలే" అని తిట్టి, తిన్నది. "ఎలా ఉందిరా?"

"అమ్మ వండినట్టే ఉంది."

గిన్నె తుడిచినట్టు తిని లేచాడు. సముద్రం వైపు కాదు, వచ్చిన దారినే నడిచాడు. "బుట్ట మర్చిపోయావురోయ్!" అని అక్క అరిచింది. అతను తిరిగి చూడలేదు. ఆ సాయంత్రం ఏట్లోకి దిగలేదు, ఆ తర్వాతా దిగలేదు.

గడప పక్కన రెల్లుబుట్ట అలాగే ఉంది. అందులో ఎండిన గడ్డి, గడ్డి మధ్యలో ఒక్క రొయ్య పట్టేంత గుంట.