అట్ట మీద రెండో పేరు

మా ఆవిడ పియానో వాయించేది. నేను పక్కన కూర్చుని పేజీలు తిప్పేవాణ్ణి. మా కాపురం గురించి అంతకంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

నాది పల్లెటూరి బడి చదువు. సంగీతం రాసిన కాగితం చదవడం నాకు రాదు. ఆవిడ గడ్డం కాస్త దించగానే లేచి, ఎడమచేత్తో పై మూల పట్టుకుని తిప్పి, చప్పుడు కాకుండా కూర్చోవాలి. చేతికి గడియారం ఉండకూడదు. దగ్గు వస్తే మింగాలి. జనం చప్పట్లు కొడితే లేవకూడదు, అవి మనవి కావు. కొత్తలో ఒకసారి తెలియక ఆవిడతో పాటు లేచి నవ్వాను. ఇంటికొచ్చేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు.

చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆవిడని బళ్ళో మూలపడేసిన పియానో ముందు కూర్చోబెట్టాడు. పెరిగాక పెద్ద పోటీలో రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి వచ్చినవాడి వెంట జనం పడ్డారు, ఈవిడ వెంట నేను పడ్డాను. ఆ తర్వాత ఊరూరా కచేరీలు. "వయొలిన్ వాళ్ళు ఒక్కదానితోనే కాపురం చేస్తారు. నాకు ఊరికో కొత్త సంబంధం" అనేది. ఏ ఊరి పియానో ఆ ఊరిదే. ఒక ఊళ్ళో నొక్కిన మీట పైకి లేచేది కాదు. ఇంకో ఊళ్ళో పెడల్ కీచుమనేది. రైలు, హాలు, చల్లారిన భోజనం, హోటల్ గది. పేరొచ్చింది, దాంతో నడుంనొప్పీ వచ్చింది. చివరికి ఎడమచేతి చివరి రెండు వేళ్ళు లోపలికి ముడుచుకుపోయి మాట వినడం మానేశాయి. ఆవిడ కోటు గుండీలు నేనే పెట్టేవాణ్ణి.

ఆఖరి రికార్డింగుకి నన్ను రావద్దంది.

"పేజీ చప్పుడు మైకులో పడుతుంది. అంతా కంఠతా వచ్చు" అంది.

నమ్మాను. ఆ రికార్డు బయటికి రాకముందే జబ్బు చేసి పోయింది.

విడుదల చెయ్యడానికి నా ఒప్పుకోలు కావాలట. కచేరీల బేరాలన్నీ చూసే బావమరిది నన్ను స్టూడియోకి తీసుకెళ్ళాడు. ఆవిడ శిష్యురాలు అప్పటికే వచ్చి కూర్చుంది. చిన్నప్పటినుంచి మా ఇంట్లో పెరిగినట్టే పెరిగిన పిల్ల. ఇప్పుడు సొంతంగా కచేరీలు చేస్తోంది.

రికార్డు పెట్టారు. సగం దాటాక కాగితం తిరిగిన చప్పుడు వినపడింది. మళ్ళీ ఇంకోటి.

"ఆపండి. పేజీలు ఎవరు తిప్పారు?" అన్నాను.

"ఇదేం చోద్యం బావా! పియానో వినమంటే కాగితాలు వింటావు?" అన్నాడు బావమరిది.

"నాకు వచ్చింది అదే."

పిల్ల తల దించుకుంది. "మేడమే తిప్పారు, బాబాయ్‌గారూ."

"మరి వాయించింది?"

"నేనే. ఇక్కణ్ణుంచి చివరిదాకా. ఎంత ప్రయత్నించినా వేళ్ళు ఆడలేదు. ఈ సగంలో తను వాయించింది చెరిపించేసి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు."

నా కుర్చీ అది. అందులో కూర్చుని వచ్చి, రాత్రి నా ఎదురుగా భోంచేసి, "బాగానే జరిగింది" అని పడుకుంది.

"ఈ సంగతి ఈ గదిలోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు" అన్నాడు బావమరిది.

"మొగుడికీ తెలీదుగా. అట్ట మీద ఎవరి పేరు?"

"అక్కదే. ఇంకెవరిది?"

"ఈ పిల్ల పేరు కూడా వెయ్యి. సగం ఈమె వాయించిందని రాయి. లేదంటే రికార్డే వద్దు."

"మతి పోయిందా? రేపు పేపరువాళ్ళు అక్క ఎప్పటినుంచి వాయించలేకపోయిందో తవ్వుతారు. పోయిన మనిషిని బజారుకీడుస్తావా?"

"తవ్వుకోనీ."

"తన పేరొక్కటే ఉండాలన్నది అక్క ఆఖరి కోరిక బావా!"

"ఆవిడ కోరికలు బతికున్నప్పుడే తీర్చాను. ఇక నావల్ల కాదు."

పిల్ల ఏడ్చింది. సంతోషంతో కాదు.

"నాకొద్దు బాబాయ్‌గారూ. నా చెయ్యి పట్టుకుని, 'ఇది నాదిగానే ఉండనీ' అన్నారు. సరేనన్నాను. నన్ను మాట తప్పేలా చెయ్యకండి."

"మాటిచ్చింది నువ్వు. నేనివ్వలేదు."

"ఆవిడ మీద కోపం నా నెత్తిన రుద్దుతున్నారు."

కాదని అనలేదు. కాదంటే అదింకో అబద్ధం. బావమరిది ఒప్పుకునేదాకా ఆ గదిలోంచి కదల్లేదు.

రికార్డు రెండు పేర్లతో వచ్చింది. బావమరిది చెప్పినట్టే పేపర్లలో సంగీతం కంటే ఆవిడ వేళ్ళ గురించే ఎక్కువ రాశారు. అతను మా గడప తొక్కడం మానేశాడు. ఆ పిల్ల ఫోన్ చెయ్యదు. తన పేరు తీసెయ్యమని ఇప్పటికీ కంపెనీవాళ్ళని బతిమాలుతోందట. వాళ్ళు నన్ను అడుగుతారు. నేను వద్దంటాను.