సూన్ పుట్టుపూర్వోత్తరాలు

మాటల కులగోత్రాలు ఆరా తీయడం నా ఉద్యోగం. మా నిఘంటువు ఆఫీసులో ఒక్కో మాటకు ఒక్కో చెప్పుల పెట్టె, అందులో వాడుకల చీటీలు, పాతవి ముందు, కొత్తవి వెనక. ఆ నెల నా నెత్తిన పడ్డ ఇంగ్లిషు మాట సూన్. త్వరలో అని చిన్నపిల్లలకూ తెలుసు. అసలెక్కడ పుట్టిందో, ఎలా మారిందో తేల్చమన్నారు పెద్దాయన, మా సంపాదకుడు.

నాకు కాలు నిలవడం లేదు. కిటికీ దాకా వెళ్తాను, వచ్చి కూర్చుంటాను, మళ్లీ లేస్తాను. మనసంతా అక్క దగ్గరే ఉంది. ఆరు వారాల కిందట ఫోన్ చేసింది.

"చూపు తగ్గిపోతోందే. ఇక ఆగదన్నాడు డాక్టరు. నీ మొహం ఆనుతుండగానే ఒకసారి రా."

"సూన్ వస్తానక్కా, ఈ పని తెమలనీ."

"రేపటికి రూపు లేదే," అంది.

బస్సులో గంట దూరం. అయినా వారం వారం అదే మాట మెసేజ్ పెట్టాను. కళ్లు ఆనని మనిషికి మెసేజ్ పెట్టడం, అదీ నా తెలివి! నిజానికి పని ఒక సాకు. నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి గోడలు తడుముకుంటుంటే చూడాలంటే భయం.

శుక్రవారం చీటీలన్నీ బల్ల మీద వరసగా పరిచాను. వెయ్యేళ్ల నాటి వాడుక చీటీలో దాని అర్థం 'ఉన్నపళంగా'. పిలిస్తే లేచి వెళ్లడమే. రానురాను 'కాసేపట్లో' అయింది, అటుపైన 'వీలు చూసుకుని'. బంగారంలాంటి మాటను ఎవరు పాడుచేశారని కోపంగా చీటీలు తిరగేశాను. అందరూ మామూలు మనుషులే. ఇదిగో వస్తున్నానని చెప్పి, కూర్చున్నచోటే కూర్చున్నవాళ్లు.

"చివరి చీటీ ఏదమ్మా? ఈ ఏడాది వాడుక ఒకటి కావాలి," అన్నారు పెద్దాయన.

ఫోన్ తీశాను. అలవాటు కొద్దీ నా మెసేజ్‌నే చీటీ మీదికి ఎక్కించి, తేదీ వేసి ఇచ్చాను. ఆయన చదివి, కళ్లజోడు తీశారు.

"వెళ్లావా మరి?"

పెట్టె మూత కూడా పెట్టకుండా బస్సెక్కాను.

అక్క వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. గేటు చప్పుడుకు ఇటు తిరిగింది. దగ్గరికెళ్లి ఎదురుగా నిలబడ్డాను. అక్కా అనేలోపే, నా మొహంలోకే చూస్తూ మర్యాదగా నవ్వింది.

"ఎవరు కావాలండీ?"