మధ్య నుంచి కోసిన రాకెట్లు

పెట్టె మూత ఎత్తిన నాగభూషణం చెయ్యి అలాగే ఆగిపోయింది, లోపలున్న రాకెట్లలో ఒక్కదాని నరాల అల్లికా నిలిచి లేదు, అన్నిటినీ ఎవరో కోసేశారు.

ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లలో నవంబరు ఆదివారం. కుంపట్ల పొగ ఇంకా చెదరలేదు. ఇంకో మూడు గంటల్లో హర్యానా జట్టు ఫరీదాబాద్ నుంచి వస్తుంది. ఆ జట్టు మీద గెలిస్తేనే ఢిల్లీ ఈ ఏడు బాల్ బాడ్మింటన్ జాతీయ పోటీలకి వెళ్తుంది. ఓడితే రెండో శ్రేణి. బలహీన రాష్ట్రాలన్నీ విడిగా ఒక చోట చేరి తమలో తాము ఆడుకోవాలని సంఘం ఆ ఏడే పెట్టిన కొత్త పద్ధతి అది.

నాగభూషణం మార్చిలో రిటైరవుతున్నాడు. పదిహేనేళ్లుగా ఢిల్లీ జట్టుకి సెక్రటరీ, మేనేజరు, నెట్ కట్టేవాడు, సున్నంతో గీతలు గీసేవాడు అన్నీ ఆయనే. మోకాలు చెడి ఆడడం మానేశాడు. ఢిల్లీని పెద్ద పోటీల్లో ఉంచి వెళ్లిపోవాలన్నది ఒక్కటే ఆయన కోరిక. ఆ జట్టు ఎన్నేళ్లు వెళ్లినా మొదటి మ్యాచ్‌లోనే ఓడి వచ్చింది. అది వేరే సంగతి.

ఎవరూ మర్చిపోకూడదని నిన్న సాయంత్రం అందరి రాకెట్లూ తనే అడిగి తీసుకుని స్కూటర్ షెడ్డులో ఈ పెట్టెలో పెట్టాడు. తాళం పగలలేదు. తాళం చెవి కరెంటు మీటరు పైన ఉంటుంది. ఆ సంగతి జట్టులో అందరికీ తెలుసు. కాలనీలో సగం మందికి తెలుసు.

"ఏవిటండీ, కాఫీ చల్లారిపోతోంది," అంటూ భార్య భానుమతి గ్లాసుతో షెడ్డు దగ్గరికి వచ్చింది. పెట్టెలోకి తొంగి చూసి గ్లాసు స్కూటర్ సీటు మీద పెట్టేసింది. "ఆ క్రికెట్ కుర్రాళ్లే. మొన్న గ్రౌండ్ కోసం మీతో పోట్లాడలేదూ?"

ఆయన కూడా అదే అనుకున్నాడు. జూన్‌లో ఇండియా వరల్డ్ కప్పు గెలిచినప్పటినుంచి కాలనీలో ఖాళీ జాగా కనిపిస్తే చాలు, మూడు ఇటుకలు నిలబెట్టేస్తున్నారు. బాల్ బాడ్మింటన్ కోర్టు మధ్యలో కూడా నిలబెట్టారు. ఆయన తీసేశాడు. వాళ్లు మళ్లీ పెట్టారు.

వాళ్ల నాయకుడు బబ్లూ కింది క్వార్టర్లోనే ఉంటాడు. కాలేజీలో చదువుతున్నాడు. పళ్లు తోముకుంటూ వచ్చి పెట్టెలోకి చూశాడు.

"మేం కాదు అంకుల్," అన్నాడు హిందీలో, నురుగు ఉమ్మేసి. "మాకు కోపమొస్తే నెట్ స్తంభాలు పీకేస్తాం. ఈ దారాలతో మాకేం పని? ఐనా అంకుల్, మీ ఆట చూడ్డానికే ఎవరూ రారు. చెడగొట్టడానికి ఎవరొస్తారు?"

నాగభూషణానికి అతని మాట మీద నమ్మకం కుదిరింది. ఆ నిజం వినడానికి మాత్రం బాగాలేదు.

మల్లేశం సైకిల్ మీద వచ్చాడు. కరీంనగర్ కుర్రాడు, కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాడు. జట్టులో ముప్ఫై దాటనివాడు అతనొక్కడే. ముందు వరసలో ఆడతాడు.

"గదేంది సార్, ఎవడు కోసిండు?" పెట్టె పక్కన కూర్చుండిపోయాడు. తన రాకెట్ తీసి రెండువైపులా తిప్పి చూశాడు. "నా పరీక్ష పోయినా గింత బాధ కాలే."

"నీ పరీక్ష పోవడం కొత్తేం కాదులే. ఊలు బంతులు చూడు, ఉన్నాయా?"

"అన్నీ ఉన్నయ్ సార్. ఒక్కటి గూడ ముట్టలే."

అక్కడ ఆగింది నాగభూషణం ఆలోచన. పగ ఉన్నవాడు ఊలు బంతుల్ని వదలడు. చిన్న కత్తెర చాలు, వాటి పని అయిపోతుంది.

ఆయన ఒక్కో రాకెట్టూ వెలుతురులోకి తీసి చూశాడు. నరాలు అడ్డదిడ్డంగా తెగలేదు. మధ్యలో మొదలుపెట్టి, నిలువు ఒకటి, అడ్డం ఒకటి, చుట్టూ సమంగా బయటికి కోసుకుంటూ వచ్చారు. ఒక పక్కనే కోస్తే రెండో పక్క బిగువుకి చెక్క వంగి రాకెట్ శాశ్వతంగా పాడవుతుంది. మధ్య నుంచి కోస్తే వంగదు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నాగభూషణం మొదటి రోజే ఈ పాఠం చెప్తాడు. ఒక నరం తెగితే మిగతావి ఇలా కోసి, వెంటనే రాకెట్‌ని వంగనివ్వని చెక్క చట్రం బిగింపులో పెట్టి మరలు తిప్పెయ్యాలి అని.

ఇక్కడా అదే జరిగింది. కోసినవాడు ప్రతి రాకెట్టునీ మళ్లీ బిగింపులో పెట్టి నాలుగు మరలూ తిప్పి వెళ్లాడు.

బయటివాడు కాదు. తన జట్టువాడే.

ఆఖరుకి తన సొంత రాకెట్ తీశాడు. ఆడకపోయినా అలవాటు కొద్దీ దాన్నీ పెట్టెలో పెట్టేవాడు. దాని భుజం దగ్గర చెక్క ఎప్పుడో చీలింది. జట్టులోని శేషగిరి జిగురు పెట్టి, దారం చుట్టి బాగుచేశాడు. ఆ చోట బిగింపు నేరుగా నొక్కితే చీలిక మళ్లీ తెరుచుకుంటుందని చిన్న ఫ్లానెల్ గుడ్డ మడిచి కింద పెట్టడం కూడా అతని అలవాటే. నిన్న సాయంత్రం తొందరలో నాగభూషణం ఆ గుడ్డ పెట్టడం మర్చిపోయాడు. రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది, పొద్దున చూద్దాంలే అనుకున్నాడు.

ఇప్పుడు ఆ చోట కొత్త ఫ్లానెల్ గుడ్డ ఉంది. మడత నలగలేదు.

నాగభూషణం దాన్ని మెల్లగా లాగి జేబులో వేసుకున్నాడు.

శేషగిరిది అనంతపురం. లెక్కల ఆఫీసులో పని. జట్టులో వెనక వరస ఆటగాడు, ఇరవై ఏళ్ల స్నేహితుడు. ఈసారి జాతీయ పోటీలు కూడా అనంతపురంలోనే. ఆ కబురు వచ్చిన రోజు జట్టంతా శేషగిరి వీపు తట్టింది. అతను మాత్రం ఎక్కువ మాట్లాడలేదు.

అడిగెయ్యవచ్చు. అడిగితే ఏమవుతుంది? వచ్చేది అయిదుగురే. ఆరోవాడు లేడు. దొంగని పట్టుకుంటే జట్టు నలుగురవుతుంది, ఆట ఆడకుండానే పోతుంది.

ఊరుకున్నాడు.

శేషగిరి తొమ్మిదింటికి మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చాడు. పెట్టె చూసి, "అయ్యో, ఇదేంది సామీ," అన్నాడు. పెట్టె వైపు రెండోసారి చూడలేదు. "ఇంకేం చేస్తాం. ఆదివారం నరాలు అల్లేవాడు యాడ దొరుకుతాడు? వాళ్లకి ఆట వదిలేసినామని చెప్పేస్తే సరి."

"వాళ్లు రానీ," అన్నాడు నాగభూషణం. "వచ్చాక చూద్దాం."

ఫరీదాబాద్ వాళ్లు ఒక టెంపో వెనక కూర్చుని, దుమ్ము కొట్టుకుని వచ్చారు. హర్యానా జట్టని పేరే గాని అందులో హర్యానావాడు ఒక్కడూ లేడు. కెప్టెన్ కనకయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి ట్రాక్టర్ల కర్మాగారంలో ఫిట్టరు పని చేస్తున్నాడు. మిగతావాళ్లలో ఇద్దరు మైసూరువాళ్లు, మిగిలినవాళ్లు తమిళులు. వాళ్ల ఊళ్లో కూడా ఈ ఆట అంతే, దక్షిణం నుంచి వచ్చినవాళ్లు ఆడతారు, వాళ్ల పిల్లలు ఆడరు.

నాగభూషణం పెట్టె చూపించాడు. కనకయ్య చూసి తల గోక్కున్నాడు.

"ఆడకుండా గెలిచి నేనేటి సేసుకుంతాను గురూగారూ? టెంపోకి నాయాళ్లు ఆదివారం రేటు తీసుకున్నారు. మా కాడ ఇంకో అయిదు రాకెట్లున్నాయి, అట్టుకోండి. మా రాకెట్లతో మమ్మల్నే కొడతారేటి, కొట్టండి."

అందరూ నవ్వారు. శేషగిరి నవ్వలేదు. నాగభూషణం అతని ముఖం వైపే చూస్తున్నాడు. పరీక్ష వాయిదా పడిందనుకుని నిద్రపోయినవాడిని లేపి హాల్లోకి తోసినట్టుంది ఆ ముఖం.

ఆట మొదలైంది. చూడ్డానికి భానుమతి, టెంపో డ్రైవరు, రెండు కుక్కలు.

మొదటి గేమ్ ఢిల్లీ తీసుకుంది. మల్లేశం నెట్ దగ్గర కోతిలా ఎగిరి కొట్టాడు. రెండో గేమ్‌లో పదిహేను దాకా సమంగా నడిచింది. అప్పుడు కనకయ్య ఒక బంతిని ఎత్తుగా వెనక మూలకి లేపాడు. శేషగిరి దాని కింద నిలబడి, రాకెట్ దించేసి, వదిలేశాడు. బంతి గీతకి జానెడు లోపల పడింది.

"బయటికి పోతాదనుకున్నా," అన్నాడు.

ఇరవై ఏళ్లలో శేషగిరి గీత దగ్గర పొరబడడం నాగభూషణం చూడలేదు. కళ్లు మూసుకుని కూడా చెప్పగలడు, లోపలా బయటా అని. కాసేపటికి ఇంకొకటి వదిలాడు. రెండో గేమ్ పోయింది.

"జర సూసి ఆడు అంకుల్," అన్నాడు మల్లేశం, చెమట తుడుచుకుంటూ. "నువ్వు వదిలినకొద్దీ నాకు నీ దిక్కు గూడ ఉర్కుడైతాంది."

నాగభూషణం నీళ్ల సీసా ఇచ్చేటప్పుడు శేషగిరితో ఒక్క మాట అందామనుకున్నాడు. జేబులో ఫ్లానెల్ గుడ్డ వేళ్లకి తగిలింది. సీసా ఇచ్చి వెనక్కి వచ్చేశాడు.

మూడో గేమ్ చివరికి వచ్చేసరికి అందరి కాళ్లూ బరువెక్కాయి. అందరూ ఆఫీసుల్లో కూర్చునేవాళ్లు, కర్మాగారాల్లో నిలబడేవాళ్లు. రెండు జట్లవీ ఇరవై ఎనిమిది పాయింట్లే. ఇంకొక్క పాయింటుతో ఆట అయిపోతుంది.

కనకయ్య మళ్లీ అదే దెబ్బ కొట్టాడు. ఎత్తుగా, శేషగిరికి దూరంగా, రెండో మూలకి. అందుకోకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఆ వయసుకి అది అందే బంతి కాదు. నాగభూషణం ఓడిపోయామని లోపల అనేసుకున్నాడు. చిత్రంగా కొంచెం తేలికగా కూడా అనిపించింది.

శేషగిరి పరుగెత్తాడు. క్యాప్ ఎగిరిపోయింది. పడుతూ పడుతూ రాకెట్ అడ్డం పెట్టాడు. పసుపుపచ్చ ఊలు బంతి నెట్ మీదుగా తేలి, కనకయ్య ముందు, ఎవరూ లేని చోట మెత్తగా పడింది.

మల్లేశం శేషగిరిని ఎత్తుకున్నాడు. టెంపో డ్రైవరు హారన్ కొట్టాడు. కనకయ్య తన రాకెట్లు తిరిగి తీసుకుంటూ, "ఎల్లండి బాబూ, ఆంధ్రావోళ్ల సేతిలో తన్నులు మీరే తినండి," అని దీవించి వెళ్లాడు.

అందరూ వెళ్లాక ఇద్దరే మిగిలారు. శేషగిరి నేలమీద కూర్చుని మోచేతికి గీసుకుపోయిన చోట మట్టి దులుపుకుంటున్నాడు. నాగభూషణం రాకెట్ల పెట్టె మీద కూర్చుని, జేబులోంచి ఫ్లానెల్ గుడ్డ తీసి అతని అరచేతిలో పెట్టాడు.

శేషగిరి దాన్ని చూశాడు. మడత విప్పి, మళ్లీ అదే మడత పెట్టాడు.

"నేనే కోసినా సామీ," అన్నాడు. "నిన్న చీకటి పడినాక వచ్చినా. అన్నీ కోసి, నీది చేతికి తీసుకుంటే కింద గుడ్డ లేదు. చెక్క చీలిపోతాదే అని నా మంకీ క్యాప్ లోపల కొత్తగా కుట్టించుకున్న ఫ్లానెల్ చించి పెట్టినా. నరాలు మళ్లీ అల్లించుకోవచ్చు, చెక్క పోతే రాదు గదా.

"ఎందుకంటావా? రెండేళ్ల కింద నేషనల్స్‌లో ఆంధ్రావాళ్లతో ఆడినాం, గుర్తుందా? వాళ్ల కెప్టెన్ పిల్లగాడు నవ్వుకుంటా ఏమన్నాడు? 'పాపం ఢిల్లీవోళ్లు, చానా దూరం నుంచి వచ్చినారు, నాలుగు పాయింట్లు ఇచ్చి పంపండ్రా' అన్నాడు. మనకి తెలుగు రాదనుకున్నాడు వాడు. మనం అందరమూ తెలుగోళ్లమే. నువ్వు తలకాయ దించుకుని సంచి సర్దుకున్నావు. నేనూ హిందీవాడి మాదిరి నిలబడినా. ఆ నాలుగు పాయింట్లూ తీసుకున్నా సామీ. ఓడిపోయేది నాకు అలవాటే, దాంతో బాధ లేదు. ఆ నాలుగు పాయింట్లే ఇంకా అరగలేదు.

"ఈసారి మా అనంతపురంలోనే. మా అన్న పిల్లలు వస్తారు, నాతో చదువుకున్నోళ్లు వస్తారు. వాళ్ల ఎదురుగా ఇంకో నాలుగు పాయింట్లు భిక్షం తీసుకోవాల్నా? రెండో శ్రేణిలో ఉంటే ఈ కనకయ్య మాదిరోళ్లతో ఆడుకోవచ్చు. ఒకసారి గెలుస్తాం, ఒకసారి ఓడతాం. ఆట అంటే అదే కదప్పా. ఈడ గెలుపనేది ఒకటి ఉంటే బబ్లూగాడైనా ఒకరోజు నిలబడి చూస్తాడేమో అనుకున్నా. ఈ మాట నీతో చెప్పల్ల అనుకున్నా. నీ ముఖం చూసి చెప్పలేకపోయినా. రిటైరయ్యే మనిషివి. అందుకని కత్తెర తీసుకొచ్చినా.

"రెండో గేమ్‌లో ఆ రెండు బంతులూ తెలిసే వదిలినా. రెండూ లోపలే పడతాయని తెలుసు. ఆఖరుది కూడా వదలాలనే నిలబడినా. అది పైనుంచి వస్తాంటే కాలు ఆగలేదు సామీ. నేను ఆపుకున్నా, అది ఆగలేదు. నన్ను తిట్టాలంటే తిట్టు, జట్టులో చెప్పాలంటే చెప్పు. టికెట్లు తీసేటప్పుడు నాకూ ఒకటి తియ్యి. వస్తాను. ఒక్క పని మాత్రం చెయ్యి. టాస్ వెయ్యకముందే ఆ ఆంధ్రా పిల్లోళ్ల దగ్గరికి పోయి, మాకు తెలుగు వచ్చని చెప్పు."