దొరగారి ఫా

వోల్గా ఒడ్డున ఆ జమీందారీలో బూరలవాళ్ళకు పేర్లు ఉన్నా లేనట్టే. మేళంలో ఒక్కో మనిషికి ఒక్కో బూర, ఒక్కో బూరకు ఒకటే స్వరం. బతికినన్నాళ్ళూ ఆ ఒక్కటే ఊదాలి. వంతు రానప్పుడు ఊరికే నిలబడాలి. వాళ్ళ సరిగమల్లో ప్రోఖర్ 'దో', సవేలీ 'ఫా'. నువ్వెవరివని పొరుగూరివాళ్ళు అడిగితే, "నేను దొరగారి ఫాని" అనేవాడు సవేలీ, అదేదో బిరుదైనట్టు.

వాళ్ళకు పాటలు కట్టేది గోర్దేయ్. అతనూ వాళ్ళలాగే దొరగారి బానిసే, సొత్తే. కాకపోతే దొర అతన్ని కుర్రతనంలోనే ఇటలీ పంపి సంగీతం చెప్పించాడు. అక్కడ అందరూ "మాస్టారూ" అని పిలిచారు. తిరిగొచ్చాక మళ్ళీ "ఒరేయ్" అయ్యాడు.

"వేసవిలో నా పేరుగల పునీతుడి పండుగకి అతిథులు నోరెళ్ళబెట్టే పాట కట్టరా, నీకు విడుదల రాసిచ్చేస్తా" అన్నాడు దొర. గోర్దేయ్‌కి కావలసింది అదొక్కటే. దానికోసం మనుషుల్ని పీల్చి పిప్పి చేశాడు.

చలికాలంలో గడ్డకట్టిన చెరువు మీద సాధన పెట్టాడు. సవేలీ పెదవులు చిట్లి నెత్తురు కారింది.

"అన్నా, ఒళ్ళు కాలిపోతోంది. కాసేపు లోపలికెళ్ళి వస్తానన్నా."

"నీ స్వరం వచ్చేదాకా నిలబడు" అన్నాడు గోర్దేయ్, తలైనా ఎత్తకుండా. ఇటలీలో అన్నీ నేర్పారు గానీ జాలి నేర్పలేదు కాబోలు.

సవేలీ నిలబడ్డాడు. వారం తిరక్కుండానే పోయాడు.

ఆ బూర ముట్టుకోవాలంటే గోర్దేయ్‌కి భయం పట్టుకుంది. ఇంకొకరి చేతికివ్వడానికీ మనసొప్పలేదు. అందుకని పండుగ పాటను అసలు ఫా అన్నదే లేకుండా కట్టాడు.

పండుగనాటి మధ్యాహ్నం మేళం చెరువుగట్టున నిలబడింది. సవేలీ చోటులోకి ఎవరూ జరగలేదు. పాట సగానికొచ్చేసరికి అవతలి గట్టు రెల్లులోంచి ఫా వినిపించింది. సన్నగా, పొడుగ్గా. గోర్దేయ్ అటు తిరిగి చూశాడు, రెల్లు తప్ప ఎవరూ లేరు. ఆ స్వరం వచ్చాకే తన పాట పాటలా ఉందని తెలిసి భయపడ్డాడు.

ప్రోఖర్ బూర దించాడు. "అన్నా, అది మన సవేలీ ఊపిరే. చివర్న వణుకుతోంది, విను."

"నోర్మూసుకుని ఊదరా!"

పాట ముగియగానే దొర కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "చంపేశావురా గోర్దేయ్! అంత దూరాన ఆ ఫాని భలే పెట్టావు. ఎవడ్రా వాడు?"

"ఎవరూ లేరు దొరా. ఈ పాటలో ఫా లేదు."

"అయితే నాకు చెవుడన్నమాట! మళ్ళీ ఊదించు."

ఈసారి రెల్లు కదల్లేదు. ఇందాక ఫా పలికిన చోటు వచ్చినప్పుడల్లా పాట పళ్ళూడిన నోరులా బోసిపోయింది. అతిథులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. దొర ముఖం మాడిపోయింది.

"వాణ్ణి దాచి నాతో ఆటలాడతావా? వాడు రాకపోతే నువ్వే ఊదు. అప్పుడే విడుదల మాట."

ప్రోఖర్ కొట్టంలోంచి సవేలీ బూర తెచ్చిచ్చాడు. గోర్దేయ్ ఖాళీ చోట్లో నిలబడి దాన్ని నోటికి ఆనించాడు. చలికాలం నుంచీ ఎవరూ ముట్టని ఇత్తడి వెచ్చగా ఉంది. నాలుకకు నెత్తురు రుచి తగిలింది. ఊదాడు. చివర్న స్వరం దానంతటదే వణికింది.

దొర చప్పట్లు చరిచాడు. "ఇదిరా ఫా అంటే! ఇలాంటివాణ్ణి ఏ పిచ్చివాడైనా వదులుకుంటాడట్రా?"

అతిథులు పగలబడి నవ్వారు. విడుదల ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పాటలు కట్టడానికి దొర ఇంకొకణ్ణి తెచ్చుకున్నాడు. కొన్నేళ్ళకు గోర్దేయ్ అన్న పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. అందరూ "ఫా" అనే పిలిచేవారు, అతనూ పలికేవాడు.

ఒక చలికాలం, గడ్డకట్టిన చెరువు మీద అతనికి ఒళ్ళు కాలిపోయింది. పెదవులు చిట్లాయి. ఎవర్నీ అడక్కుండా ఇంటివైపు తిరిగాడు.

చెవి పక్కనే ఎవరో, ఎంతో మర్యాదగా అన్నారు: "నీ స్వరం వచ్చేదాకా నిలబడన్నా."

నిలబడ్డాడు.