అమ్మ కలిపిన వరస

కుట్టుమిషన్ ఆపి లోపలి గదిలోకి వచ్చిన తల్లికి, కూతురి చేతిలోని ఫోన్‌లోంచి మగగొంతు వినిపించింది. "అమ్మ బయటికెప్పుడు వెళ్తుంది బంగారం?"

ఒక్క అంగలో ఫోన్ లాక్కుని కాల్ కట్ చేసింది.

"ఎవడే వాడు?"

"మావయ్య."

"ఏ మావయ్య? ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"మావయ్య తెలియనివాడెలా అవుతాడమ్మా? నీ కస్టమర్లు వీడియోలో కనిపిస్తే, మావయ్యకి హాయ్ చెప్పమంటావుగా? ఈయనా మావయ్యనే అన్నాడు."

తల్లి కూతురి భుజాలు పట్టుకుంది. "వాడికింకేం చెప్పావు?"

"ఏం చెప్పలేదు. వీధి చూపించమంటే కిటికీలోంచి చూపించా."

ఆమె పరుగున వెళ్లి కిటికీ మూసింది. చొక్కా కొలతలు చెప్పడానికి కాల్ చేసిన ప్రతివాడికీ ఆ వరస కలిపింది తనే. ఇప్పుడు కిటికీ మూసి ఏం లాభం?