కిందికి లాగే బరువు

నా మొగుడు మద్దయ్యను పనిదొంగ అంటే నాకు మండదా? చేతికి మసి అంటని రోజు లేదు ఆ మనిషికి. బేతంచెర్ల నాపరాయి గనిలో రెండో మోటారు కూడా కాలిపోయిన పొద్దున సావుకారు రామలింగప్ప అందరి ముందూ ఆ మాటే అన్నాడు. ఇంజనూ మోటారూ నడిపే డ్రైవరు బేరింగుకు గ్రీజు పెట్టకుండా కునుకు తీశాడట. మోటారు పంపిన మద్రాసు కంపెనీ మనిషి వచ్చి అవునంటే చాలు, పనిలోంచి తీసేస్తానన్నాడు. ఆ పేరు మోసుకొని పోతే చుట్టుపక్కల ఏ గనిలోనూ ఇంజను ముట్టనివ్వరు.

అది యుద్ధం ముగిసిన మరుసటేడు. గని లోతయ్యేకొద్దీ ఊట ఎక్కువై అడుగు రాయంతా మునిగింది. తోడటానికి నిలువు పంపు తెచ్చారు. పంపు నీళ్లలో, మోటారు పైన గట్టు మీద, మధ్యలో పొడుగాటి ఇనుప కడ్డీ. ఆయిలు ఇంజను కరెంటు పుట్టిస్తే మోటారు ఆ కడ్డీని తిప్పుతుంది. మోటారు గరగరమంటూ ఊగినప్పుడు గనివాళ్లు గనివాళ్ల పనే చేశారు. ఊగేది ఏదైనా మాకు ఒకటే మందు, చుట్టూ రాతి చీలలు దిగ్గొట్టడం. ఊగడం ఆగింది గానీ కాలడం ఆగలేదు.

కంపెనీ ఇంజనీరు దావీదురాజు కడప మనిషి. ఆ మోటారు ఎంచి పంపింది ఈయనేనని తెలిసి నాకు ఒళ్లు మండింది. అదే గనిలో రాళ్లు మోసే నేను గంప దించి ఎదురెళ్లి, మీ సరుకు మంచిదని చెప్పుకోడానికే ఇంత దూరం వచ్చారా అని కడిగేశాను. మద్దయ్య వద్దు వద్దంటూనే ఉన్నాడు.

"బేరింగు చూడనీ అక్కా, ఆ పైన తిడుదువు" అన్నాడు దావీదురాజు.

చొక్కా చేతులు మడిచి మోటారు తానే విప్పాడు. బేరింగులో గ్రీజు ఉంది, కాలి నల్లబడింది. గుండ్లు తిరిగే గాడి ఒక అంచున మాత్రమే అరిగిపోయి ఉంది. ఆయన ముఖం వాడిపోయింది. సావుకారు పక్కకు పిలిచి, డ్రైవరు తప్పని చెప్పేస్తే ఇద్దరికీ మంచిదన్నాడు. ఏదో ఒక మోటారు పంపమని తొందరపెట్టింది తనేనని గని వాటాదార్లకు తెలిస్తే సావుకారు పరువు పోతుంది. పక్కనే గంపతో నిలబడ్డ నేను సావుకారు కంటికి ఆనలేదు.

దావీదురాజు బేరింగు పట్టుకొని అందరి మధ్యకు వచ్చాడు. తోలు బెల్టు తగిలించి నడిపే మోటారుకు బరువు పక్కనుంచి పడుతుందట, ఈ బేరింగు చేసింది ఆ లాగుడుకే. నిలువు పంపులో అలా కాదు. బావిలో నీళ్లు చేదేటప్పుడు బొక్కెన మన భుజాలను లాగినట్టు, కడ్డీ బరువూ, పైకెత్తే నీళ్ల ఒత్తిడీ కలిసి మోటారును కిందికి లాగుతాయట. దాన్ని మోసే బేరింగు వేరే ఉంటుందట. అది లేనప్పుడు చుట్టూ ఎన్ని చీలలు కొట్టినా, ఎంత గ్రీజు పెట్టినా ఒకటే.

"యుద్ధం అయిపోయినా అట్లాంటి మోటారు దొరకలే. హార్సుపవరు సరిపోతే చాలనుకుంటి. కిందికి లాగే బరువు లెక్కెయ్యలే. తప్పు నాదప్పా, మద్దయ్యది కాదు."

"కంపెనీకి తెలిస్తే నీ ఉద్యోగం ఉంటాదా?" అన్నాడు సావుకారు.

తెలిసేటట్టు తానే చెబుతానన్నాడు. అబ్బ, అదేం గుండె! నేను గంప ఎత్తుకున్నాను.

సావుకారు మద్దయ్యను తీసేయలేదు గానీ ఊరుకోనూలేదు. రాళ్లు మోసే పనికి దించి, కొత్త మోటారు వస్తే తన మనిషి బొజ్జన్న నడుపుతాడన్నాడు. ఇంటికొచ్చి మద్దయ్య మసి అంటని చేతులే చూసుకుంటూ కూచునేవాడు.

వానలకు ముందు మోటారు వచ్చింది. కిందికి లాగే బరువు మోసే బేరింగు ఉన్నందుకు తల దగ్గర లావుగా, బరువుగా ఉంది. వెంట వచ్చింది వేరే మనిషి. దావీదురాజు ఏడని అడిగాను. కంపెనీ పనిలోంచి తీసేసిందన్నాడు.

బొజ్జన్న స్విచ్చి దగ్గరికి పోతుంటే ఆ మనిషి ఆపాడు.

"ఈడ మద్దయ్య ఎవరు? ఆయన నడిపితేనే మోటారుకు కంపెనీ పూచీ. దావీదురాజు పని వదిలి పోయేముందు పూచీ కాగితంలో రాయించిన షరతు ఇది."

సావుకారు బొజ్జన్నను పక్కకు రమ్మన్నాడు. మద్దయ్య నెత్తిమీది రాయి దించి వచ్చాడు. స్విచ్చి మీద చెయ్యి పెట్టి, నొక్కలేక, అంతమంది ముందూ భోరున ఏడ్చాడు.