అడ్డాకు దొప్పల అచ్చు

అహ్మద్ పాషా బూర్గంపాడులో ముప్పై ఏళ్లకు పైగా లేత్ షాపు నడిపాడు. బోరు మోటార్లకు షాఫ్టులు, ట్రాక్టర్లకు పుల్లీలు చేసి చేసి నడుం పట్టేశాక షాపును తమ్ముడికి అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాడు. నెల తిరక్కముందే చేతులు దురదపెట్టాయి. లోహాన్ని చెక్కే చిన్న మిల్లింగ్ మిషన్ ఒకటి తెప్పించుకుని వరండాలో పెట్టుకున్నాడు. కుట్టుమిషన్ బల్ల మీద ఇమిడిపోయేంతది. ఇనుము పెడితే మూలుగుతుంది, అల్యూమినియం అయితే బుద్ధిగా చెక్కుతుంది.

దాని మీద చేసినవన్నీ ఎవరూ అడగనివే. కుక్కర్ మూతకు పిడి, ఫోను నిలబెట్టే స్టాండు, అత్తరు సీసాలకు బుల్లి పెట్టె. భార్య బేగం నవ్వేది.

"అజీ, మీ మిషన్ పొట్టు చాపలో ఉంది, నా చున్నీలో ఉంది, నిన్న పప్పులో కూడా వచ్చింది. రేపు దవాఖానాలో నాకు ఎక్స్‌రే తీస్తే అల్యూమినియమే కనపడతది."

"కనపడనియ్. తుప్పు పట్టదులే," అనేవాడు పాషా.

ఒక పొద్దున ములకలపల్లి అవతల అడవి అంచు గూడెం నుంచి జంపక్క వచ్చింది. తొమ్మిదిమంది ఆడవాళ్లు కలిసి అడ్డాకులతో దొప్పలు చేసే సంఘానికి ఆమె పెద్ద. చేతిలో గోనెసంచి. అందులోంచి పగిలిన అల్యూమినియం దిమ్మ తీసి గడప మీద పెట్టింది. వేడి మీద ఆకును నొక్కే మిషన్‌లో పై అచ్చు అది. నాలుగు పలకల దొప్పకు లోపలి ఆకారం.

"కింద పడి పలిగింది పాషన్నా. అమ్మినోళ్లకు ఫోన్ చేస్తే ఎత్తుతలేరు. మీ తమ్ముడిని అడిగితే, లేత్ మీద గుండ్రటివే అయితయ్, పలకలది మా అన్న దగ్గరికి పో అన్నడు. చండ్రుగొండల పెళ్లికి దొప్పలిస్తమని ఒప్పుకున్నం. వారమే ఉంది."

పాషా ఆ దిమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈ మిషన్ వచ్చాక మొదటిసారి ఒక మనిషి ఒక వస్తువు కావాలని అడిగింది. లోపల సంబరంగా ఉన్నా పైకి కనపడనివ్వలేదు.

"అయితదక్కా. ఐదు రోజులియ్."

ఆ సంబరమే కొంప ముంచింది. లేత్ మీద అలవాటైన చేయి కదా, మొదటి దిమ్మకు కట్టర్‌ను లోతుగా దించాడు. అల్యూమినియం వేడెక్కి మైనంలా మెత్తబడి కట్టర్ పళ్లకు అంటుకుంది. మిషన్ గజగజ వణికింది, కట్టర్ పక్కకు లాగి దిమ్మను కొరికేసింది. పాషా స్విచ్ ఆపి ఆ గుంటను చాలాసేపు చూశాడు. కొత్తగా పనికి కుదిరినవాడు కూడా చెయ్యని తప్పు.

బేగం అటక మీది పాత స్టవ్వు దించి, అందులో మిగిలిన కిరసనాయిలు గిన్నెలోకి వంచి, ఒక బ్రష్షుతో సహా తెచ్చి పక్కన పెట్టింది.

"తొందరెందుకు? ఇది మీ షాపు కాదు, బయట ఎవరూ నిలబడలే," అంది.

రెండో దిమ్మను వైస్ దవడల మధ్య గట్టిగా బిగించాడు. కట్టర్‌ను గోరు మందం కూడా దించకుండా, లోహం అంటుకోకుండా కిరసనాయిలు రాస్తూ, హ్యాండిల్ మెల్లగా తిప్పాడు. ఈసారి పొట్టు తళతళా మెరుస్తూ రాలింది. ఒక్కో వైపుకు ఒక పూట పట్టింది. మూలలు ఆకురాయితో రుద్దాడు. పాతదాని పక్కన పెట్టి కొలిస్తే వెంట్రుకవాసి తేడా లేదు. నాలుగో రోజుకే జంపక్కకు కబురు పంపాడు.

పెళ్లి అయ్యాక తనే ఫోన్ చేసి అడిగాడు. "ఎట్ల వచ్చినయక్కా?"

"మంచిగ వచ్చినయన్నా. పదిట్ల మూడే చినిగినయ్."

"మూడా!"

"పాతదానికీ గంతే. గది మామూలే."

ఆమెకు మామూలే గానీ పాషాకు అన్నం సహించలేదు. మర్నాడే బస్సెక్కి గూడేనికి వెళ్లాడు. జంపక్క పుల్లతో కుట్టిన ఆకులను అచ్చులో పెట్టి కాలితో నొక్కుతుంటే పక్కనే కూర్చుని చూశాడు. చినిగినవన్నీ మూలల దగ్గరే చినిగాయి. ఆమె ఒక ఆకు తీసుకుని, అచ్చు లేకుండా, వేళ్లతోనే మడిచి దొప్ప చేసి చూపించింది. అది ఎక్కడా చిట్లలేదు.

"చూడన్నా, నా చెయ్యి ఆకును ఎక్కడా ఇరగ్గొట్టలే. మీ మిషనోళ్ల మూల కత్తి లెక్క ఉంది. ఈనె పట్టుకుని లాగుతది. గోడ గూడ నిట్టనిలువు. గంత లోతుకు ఒక్కసారే దిగమంటే ఆకు దిగుతదా?"

"మరి ఇన్ని రోజులు చెప్పలేదేందక్కా?"

"ఎవరన్న అడిగితే కద!"

పాషా తల ఊపాడు. "అచ్చును కొలిచిన గానీ ఆకును చూడలే. నాదే తప్పు. పై అచ్చు, కింద అచ్చు రెండూ మళ్ల చేస్త. కానీ నువ్వు పక్కనుండాలె."

కింద అచ్చుకు గుంట తవ్వడానికి ముక్కు గుండ్రంగా ఉన్న లావాటి కట్టర్ కావాల్సి వచ్చింది. దానికి ఆ బుల్లి మిషన్ గొణిగింది. పాషా రెండు అచ్చుల గోడలనూ ఈసారి వాలుగా, మరింత పలుచగా, మరింత నిదానంగా కోశాడు. నాలుగు రోజుల పని. మూలలు రుద్దే రోజున జంపక్క ఆకుల కట్టతో వచ్చి వరండాలో కూర్చుంది. పాషా ఆకురాయితో పది సార్లు రుద్ది దిమ్మ అందించేవాడు. ఆమె తడి ఆకును దాని మీద కప్పి, బొటనవేలితో మూల మీద దువ్వి చూసేది.

"ఇంకొంచెం."

మళ్లీ రుద్దేవాడు.

"గిటు మంచిగుంది. అటు ఇంకా కరుస్తున్నది."

పాషా వేలితో తడిమితే అతనికి రెండు మూలలూ ఒక్కలాగే అనిపించాయి. వెంట్రుకవాసి తేడా కూడా కొలిచే వర్నియర్ పెట్టి చూశాడు. ఆమె చెప్పిందే నిజం. అతనికి నవ్వొచ్చింది, గొప్ప ఆనందమూ కలిగింది. పనితనం తెలిసిన మనిషి పక్కన కూర్చుని ఎన్నాళ్లయిందో! బేగం ఇద్దరికీ చాయ్ ఇచ్చి, తనూ ఒక ఆకు తీసుకుని దిమ్మ మీద కప్పి చూసింది.

"అవ్, ఇప్పుడు నున్నగున్నది," అంది, ఎవరూ అడక్కపోయినా.

ఆ శనివారం ముగ్గురూ గూడేనికి వెళ్లి కొత్త అచ్చులు బిగించారు. సంఘంలోని ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. జంపక్క వరసగా యాభై దొప్పలు నొక్కింది. ఒక్కటే చినిగింది. ఆమె దాన్ని వెలుగుకు పట్టి చూసింది.

"ఇది పురుగు కొట్టిన ఆకు. దీనికి మన పూచీ లేదు," అని పక్కకు విసిరేసింది. అందరూ గొల్లున నవ్వారు.

మధ్యాహ్నం ఆ దొప్పల్లోనే వేడి వేడి పప్పుచారు పోసి అన్నం పెట్టారు. ఒక్క చుక్క కారలేదు. పాషా రెండోసారి పోయించుకున్నాడు. పక్క గూడెం నుంచి చూడ్డానికి వచ్చిన మంగ్లి అనే ఆమె, తమకు పెద్ద విస్తరి అచ్చు కావాలని అడిగింది. అంత వెడల్పు తన మిషన్‌లో పట్టదని పాషా ఉన్నమాట చెప్పాడు.

"అయితే పట్టేంతదే చెయ్, చట్నీ దొప్పలు," అంది మంగ్లి.

తిరుగు బస్సులో పాషా టికెట్టు వెనక చిన్న దొప్ప బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. బస్సు కుదుపులకు గీతలు వంకర పోతుంటే, బేగం తన హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, దాని మీద ఆనించి గీసుకోమని అతని వైపు జరిపింది.